అమ్మ కంప్యూటర్ మార్చాలా వద్దా? ముందు అమ్మని అడగండి

దసరా వెళ్ళిన దగ్గర్నుంచి దీపావళి దాకా మా ఇంట్లో ఒకటే పాట. "అక్టోబరు 14తో విండోస్ 10 అయిపోతుంది నాన్నా, అమ్మ ల్యాప్‌టాప్ ఇంక పనికిరాదు" అని పుణే నుంచి మా అబ్బాయి. "పండగ ఆఫర్లున్నాయిగా, కొత్తది కొనేస్తే గొడవ వదిలిపోతుంది" అని ఇక్కణ్ణుంచి మావారు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని తేల్చేసుకున్నారు. ఫోను స్పీకర్లో ఉంది, నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. అందుకని ఆ సంగతి నాకూ తెలిసింది.

ఆ పనికిరాని ల్యాప్‌టాప్ మీద రోజూ పనిచేసేది నేను. మా అపార్ట్‌మెంటు 24 ఫ్లాట్ల మెయింటెనెన్సు లెక్కలు అందులో ఉన్నాయి. పాలు, కిరాణా, పనమ్మాయి జీతం, పెళ్ళిళ్ళకి మేమెవరికెంత చదివించాం, మాకెవరెంత చదివించారు, అన్నీ 2013 నుంచి ఎక్సెల్లో రాసి పెట్టుకున్నాను. అప్పటి డెస్క్‌టాప్ పోయినా లెక్కలు పోనివ్వకుండా ఇందులోకి తెచ్చుకున్నాను. ఈ బ్లాగు రాసేదీ దాని మీదే. మావారు ఆ ల్యాప్‌టాప్ తెరిచేది ఏడాదికి ఒకసారి, ఆదాయపు పన్ను కట్టే రోజుల్లో. మా అబ్బాయి దాన్ని ముట్టుకుని ఐదేళ్ళయింది. మరి దాని భవిష్యత్తు తేల్చింది వాళ్ళిద్దరూ!

విండోస్ 11 మంచిదా చెడ్డదా అని ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. మంచిదే అయుండొచ్చు. మీలో చాలామంది వాడుతూనే ఉంటారు. నేను అడిగేదల్లా ఒకటే. ఇంట్లో గ్రైండర్ రాయి అరిగిపోతే, దాన్ని గంట్లు కొట్టించాలా, కొత్త గ్రైండర్ కొనాలా అన్నది ఎవరు తేలుస్తారు? పిండి రుబ్బేవాళ్ళే కదా. పిండి ఎంత గరుకుగా వస్తోందో వాళ్ళకే తెలుసు కాబట్టి. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఆ న్యాయం ఏమైపోతోంది? "నీకెందుకు, నేను చూసుకుంటాలే" అన్న ఒక్క మాటతో మనం చేతులు కట్టుకు కూర్చుంటున్నామే, దాని మీద నా గొడవ.

అసలు మన ఇళ్ళలో కంప్యూటర్ ప్రయాణం చూశారా? ముందు పిల్లవాడి చదువుకని కొంటాం. వాడికి ఉద్యోగం వచ్చి కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తే ఇది ఇంట్లో మిగిలిపోతుంది. "అమ్మ వాడుకుంటుందిలే" అంటారు. ఫోనూ అంతే, పాత ట్యాబూ అంతే. కీబోర్డులో ఒక మీట ఊడిపోయాక, బ్యాటరీ గంట కూడా నిలవని స్థితికొచ్చాక మన చేతికొస్తుంది. మా ల్యాప్‌టాప్ 2016లో అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. దాన్ని నేను చేతికందిన రోజు నుంచీ చంటిబిడ్డలా చూసుకున్నాను. దుమ్ము దులిపించాను, బ్యాటరీ మార్పించాను, మూడు వేల లోపు ఖర్చుతో పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ పెట్టించాను. అంతకుముందు ఆన్ చేసి కాఫీ కలుపుకొచ్చినా తెరుచుకునేది కాదు, ఇప్పుడు గ్లాసు అందుకునేలోపు తెరుచుకుంటుంది. మూడో చేతికొచ్చిన వస్తువుని మొదటి చేతిలో ఉన్నప్పటికన్నా బాగా నడిపించుకుంటున్న మనిషిని, "ఇంక పనికిరాదు" అనే ముందు ఒక్క మాట అడగొద్దూ?

సరే, గడువు సంగతి చూద్దాం. అక్టోబరు 14 నాడు ఏమైంది? ఏమీ కాలేదు. పొద్దున్నే తెరిస్తే తెరుచుకుంది. "అయిపోతుంది" అన్న మాటకి మనలో సగం మంది ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోతుందనుకున్నారు. మా పక్క ఫ్లాట్ వదినగారైతే 13వ తేదీ రాత్రే ఫొటోలన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి కూర్చున్నారు. (మంచి పనే, ఆ భయం వల్లైనా జరిగింది.) నిజానికి ఆగిపోయింది కంపెనీ ప్రతి నెలా ఉచితంగా పంపే భద్రతా మరమ్మతులు. ఇంటి గోడకి కన్నం పడితే ఇన్నాళ్ళూ కట్టిన మేస్త్రీయే వచ్చి పూడ్చి వెళ్ళేవాడు. ఇకమీదట కొత్త కన్నం బయటపడినా రాడు. ఇల్లు కూలలేదు, మేస్త్రీ మానేశాడు. ఈ రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పకుండా "అయిపోతుంది" అని భయపెడితే మన చేత ఏదైనా చేయించవచ్చు.

అలాగని మేస్త్రీ అక్కర్లేదని నేననను. భద్రత మాట ఉత్తుత్తిది కాదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది గుర్తుందా? కంప్యూటర్లో ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసి, డబ్బు కడితేగాని తీయననేది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సొచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. పోలీసుల కంప్యూటర్లకే దిక్కు లేకపోతే మన చీటీ లెక్కలకి ఏం దిక్కు అని అప్పట్లో నవ్వుకున్నాం కూడా.

అయితే ఆ కథలో ఒక ముక్క ఎవరూ చెప్పరు. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని కంపెనీ ఆ ఏడాది మార్చిలోనే, అంటే వైరస్ రావడానికి రెండు నెలల ముందే ఇచ్చేసింది. దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 కంప్యూటర్లు, అప్పటికి దానికి గడువు తీరలేదు కూడా. వచ్చిన అప్‌డేట్‌ని వేసుకోక దెబ్బతిన్నాయి. అంటే మనల్ని కాపాడేది పెట్టె కొత్తదనం కన్నా, వచ్చిన మరమ్మతుని వెంటనే చేయించుకునే అలవాటు. మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికుందో అడగండి. అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత గుర్తుచేయి" నొక్కేది మావారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని అది పూర్తయ్యేదాకా ఛార్జరు పీకకుండా కాపలా కాసేది నేను.

ఇంకో మాట కూడా అడగాలి. భద్రత, భద్రత అని నా ల్యాప్‌టాప్ మీద పడ్డ ఈ పెద్దమనుషులు నా ఫోను ఎప్పుడైనా తీసి చూశారా? అదీ మా అబ్బాయి వాడి వదిలేసిందే. దానికి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి మూడేళ్ళు దాటింది. నా బ్యాంకు, నా యూపీఐ, గ్యాసు, కరెంటు బిల్లు, ఆధార్ ఓటీపీ, అన్నీ ఆ ఫోన్లోనే. ఈరోజుల్లో మన ఆడవాళ్ళని దోచుకుంటున్నది విండోస్ కన్నాల్లోంచి వచ్చిన దొంగలు కారు. "మీ పేరు మీద పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయి, వీడియో కాల్లోనే అరెస్టు చేశాం" అని బెదిరించేవాళ్ళు. పెళ్ళి శుభలేఖ అని చెప్పి వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపేవాళ్ళు. డిజిటల్ అరెస్ట్ అనేదే చట్టంలో లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో రేడియోలో చెప్పాల్సొచ్చిందంటే, ఎంతమంది మోసపోయి ఉండాలి! అందరూ 1930 నంబరు ఫోన్లో రాసి పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో దానికి చెయ్యాలి, ఇంట్లో ఎవరు తిడతారోనని ఆలోచిస్తూ కూర్చోకూడదు.

ఇదే మాట అబ్బాయితో అంటే "ఫోను వేరు, ఇది వేరు అమ్మా" అన్నాడు. ఎలా వేరు నాయనా? నీకు డబ్బు పోయే దారి ఫోను అయినప్పుడు కొత్తది కొనవలసింది ఫోనే కదా? వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. ఫోను మార్చాలన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. దానికి పండగ ముందు టీవీలో ఎవరూ గడువు ప్రకటించలేదు.

ఇంక విండోస్ 11 నా ల్యాప్‌టాప్‌కి ఎందుకు పట్టదో చెబుతాను, మీలో చాలామందిది ఇదే బాధ అయుంటుంది. అది ఉచితమే. కాని పెట్టెలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు ఇంటెల్‌దైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది అయుండాలి. ఎనిమిదో తరం 2017లో వచ్చింది. నాది ఆరో తరం. పీసీ హెల్త్ చెక్ అని కంపెనీవాళ్ళదే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని నడిపితే మన పెట్టె అర్హమా కాదా అన్నది రెండు నిమిషాల్లో చెబుతుంది. ఎవరో చెప్పింది వినేబదులు అది మీరే నడిపి చూడండి. కొన్నిట్లో చిప్పు ఉండి కూడా ఆపేసి ఉంటుంది. బయోస్ అనే లోపలి సెట్టింగులలో దాన్ని ఆన్ చేస్తే అర్హత వచ్చేస్తుంది. మా ఆడపడుచు ల్యాప్‌టాప్‌కి అలాగే అయింది. కొత్తది కొందామని దుకాణానికి బయల్దేరిన మనిషి చెప్పులు విప్పి లోపలికొచ్చేసింది.

చిప్పు అడగడానికి కంపెనీకి దాని కారణాలున్నాయి. తాళంచెవుల్లాంటి రహస్యాలు ఆ చిప్పులో దాస్తే దొంగలకి అందవు. ఒప్పుకుంటాను. కాని 2015లో విండోస్ 10 రాబోతున్న రోజుల్లో "ఇదే చివరి విండోస్" అని ఆ సంస్థ ఉద్యోగే ఒకాయన ఒక సమావేశంలో అన్నాడు, పత్రికలన్నీ రాశాయి. ఆరేళ్ళు దాటగానే 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చింది. కాబట్టి "ఇదే ఆఖరు, ఇంక మార్చక్కర్లేదు" అన్న మాట రేపు ఎవరన్నా నేను నమ్మను. చీరల కొట్టువాడు "ఈ రంగు పోదమ్మా" అన్నప్పుడు ఎంత నమ్ముతామో అంతే.

ఇహ అర్హత లేని పెట్టెకి దుకాణాల్లో చెప్పే మందు ఒకటుంది. "అర్హత లేకపోయినా ఎక్కించేస్తాం మేడం, ఐదొందలివ్వండి." మా వీధి చివర కుర్రాడు నాకూ చెప్పాడు. ఎక్కుతుంది, నిజమే, అడ్డదారులున్నాయి. కాని అలా ఎక్కించిన దానికి అప్‌డేట్లు వస్తాయన్న భరోసా లేదని కంపెనీయే చెబుతోంది. భద్రత కోసం మారుస్తూ, భద్రతకే భరోసా లేని దారిలో మార్చడం ఏం తెలివి? పైగా అలాంటి చోట్ల వేసేది అసలు కాపీయో దొంగ కాపీయో మనకి తెలియదు. దొంగ తాళంచెవితో తలుపు తీసి ఇంట్లో భద్రంగా ఉన్నామనుకోవడమే. దయచేసి ఆ పని చేయించకండి.

పైగా ఆ కుర్రాళ్ళు మొదట అనే మాటేమిటో మీకు తెలుసు. "ఫార్మాట్ కొట్టేస్తాను." పక్క ఫ్లాట్ వదినగారి చెల్లెలు బ్లౌజులు కుడుతుంది. నలభై మంది కొలతలు, ఎవరికి ఏ మెడ, ఎవరికి ఎంత చెయ్యి, అన్నీ కంప్యూటర్లో రాసుకుంది. భర్త దుకాణంలో ఇచ్చి కొత్త విండోస్ వేయించుకొచ్చాడు. "ముఖ్యమైనవేమన్నా ఉన్నాయా" అని దుకాణంవాడు అడిగితే "ఏం లేవు, ఆవిడ పాటలు వింటుందంతే" అన్నాడట. ఆ మనిషి చెడ్డవాడు కాదు. భార్య ఆ పెట్టె మీద ఏం చేస్తోందో ఆయనకి తెలియదు, తెలియదని తెలియదు. మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు ఆవిడ నలభై ఇళ్ళకి తిరిగి మళ్ళీ కొలతలు తీసుకుంది.

నా పెట్టెలో అలాంటిదే ఒకటుంది. మా నాన్నగారు రిటైరయ్యాక తన జ్ఞాపకాలు రాసుకున్నారు. తెనాలిలో డీటీపీ చేసేచోట అను ఫాంట్లలో టైపు చేయించారు, 212 పేజీలు. పుస్తకం వెయ్యకుండానే పోయారు. ఇప్పుడు మనం బ్లాగుల్లో, ఫోన్లలో రాసే తెలుగు యూనికోడ్, ఏ పెట్టెలో తెరిచినా తెలుగులాగే కనిపిస్తుంది. అను ఫాంట్ల తెలుగు అలా కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మా తాతగారి పేరు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలుగా కనిపిస్తుంది. చూసినవాడు ఇదేదో చెడిపోయిన ఫైలనుకుని చెరిపేస్తాడు. ఆ ఫాంటూ ఆ ఫైళ్ళూ ఎక్కడున్నాయో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. "అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేస్తాలే" అన్నవాడికి ఫాంటు సంగతి తెలుసా? యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గాని ఒత్తులూ అరసున్నలూ తప్పులు పడతాయి, ఒక్కొక్క పేజీ చదివి దిద్దుకోవాలి. 140 పేజీలయ్యాయి, ఇంకా 72 ఉన్నాయి. ఇది ఒక మధ్యాహ్నం పని కాదు.

ఇక్కడ విండోస్‌కి ఇవ్వాల్సిన మర్యాద కూడా ఇస్తాను. తెలుగు విషయంలో కొత్తదనం మనకి మేలే చేసింది. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మనబోటి వాళ్ళకి యూనికోడ్ తెలుగు కంటికి కనపడింది. 2019లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డు లోపలే వచ్చింది, ఇప్పుడు ఇది రాస్తున్నది దానితోనే. నేను మార్పుకి అడ్డం పడే మనిషిని కాను. నాకేం కావాలో, ఏది పోకూడదో నన్నడిగి మార్చమంటున్నాను.

"రెండు రోజుల్లో అలవాటైపోతుంది, దానికింత రాద్ధాంతమా" అని మావారు. ఏమండీ, మీ పోపులడబ్బా రెండంగుళాలు జరిపి పెడితే జీలకర్రేదని మూడు కేకలు పెట్టారు మొన్న! స్టార్టు మీట ఎడమ మూల నుంచి మధ్యకి వస్తుంది, సరే దాన్ని మళ్ళీ ఎడమకి జరుపుకోవచ్చు. కుడి క్లిక్కులో ఎప్పుడూ ఉండే వరసలు లోపలికి దాక్కుంటాయి, ఇంకా చూపించు అని అడిగితేగాని రావు. ఇవి పెద్ద కష్టాలు కావు, నేర్చుకుంటాం. కాని నేర్చుకునే ఆ పది రోజులూ నా పని నెమ్మదిస్తుంది, మెయింటెనెన్సు రసీదులు ఆలస్యమవుతాయి. ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ పడదు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే మగవాళ్ళకి జీతమిచ్చి మరీ ట్రైనింగ్ ఇస్తారు, మధ్యలో సమోసాలు కూడా పెడతారు. మనకేమో "యూట్యూబ్‌లో చూడు".

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా, విండోస్ 11 కొత్తగా ఎక్కించినా, మొదట్లోనే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. అప్పుడు ఎవరి ఈమెయిలు ఇస్తారు? మన ఇళ్ళలో మామూలుగా భర్తదో కొడుకుదో. ఎందుకంటే ఆ పెట్టె తెరిచి సెట్ చేసేది వాళ్ళు. ఈమధ్య కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి లోపలున్నదంతా తనంతట తానే తాళం పడిపోతోంది, దొంగ ఎత్తుకుపోయినా చదవలేకుండా. మంచిదే. కాని ఎప్పుడైనా అది మొరాయించి 48 అంకెల రికవరీ కీ అడిగితే, ఆ కీ ఉండేది ఆ ఖాతాలో. ఖాతా ఎవరిదైతే తాళంచెవి వాళ్ళది. కొడుకు ఈమెయిలు మార్చేసుకుని పాతది మర్చిపోయినా, ఇంకేం జరిగినా, మన లెక్కలు, మన రాతలు, మన నాన్నల జ్ఞాపకాలు మనవి కాకుండా పోతాయి. బీరువా తాళాలు బొడ్డులో దోపుకునే ఆడవాళ్ళం, ఈ తాళం ఎవరి దగ్గరుందో అడగమేం? మీ పెట్టె ఇప్పటికే అలా ఉంటే, మీ పేరున ఖాతా తెరిచి అందులోకి మార్పించుకోండి. ఆ కీ ఒక కాగితం మీద రాసి నగల రసీదులున్న కవర్లో పెట్టుకోండి. ఎవరిమీదా అనుమానంతో చెప్పడం లేదు, బీరువాకి రెండో చెవి పెట్టుకోమంటున్నాను.

పాతదాన్ని "ఎక్స్ఛేంజ్‌లో పడేద్దాం" అన్నారు మావారు. ఐక్యరాజ్యసమితి తరఫున 2024లో వచ్చిన లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి మళ్ళీ వాడుకలోకి తెచ్చినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు. చినిగిన చీరతో బొంత కుట్టే ఇంట్లో పుట్టిన దాన్ని. కాలూ చెయ్యీ బాగున్న పెట్టెని చెత్తలోకి పంపాలంటే నాకు గట్టి కారణం కావాలి. క్యాలెండరులో తారీఖు ఒక్కటే చాలదు.

మరి నేనేం చేశానో చెప్పాలి కదా. గడువు తీరిన విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా మరమ్మతులు తీసుకునే వీలు కంపెనీవాళ్ళే పెట్టారు. 30 డాలర్లో, ఏ దేశంలో ఉంటే ఆ డబ్బుల్లో దానికి సమానమో కట్టొచ్చు. లేదా మన కంప్యూటర్ సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌లో భద్రపరిచేందుకు ఒప్పుకుంటే ఉచితం. కొత్త హంగులేం రావు, మేస్త్రీ మాత్రం ఇంకో ఏడాది వస్తాడు. సెట్టింగులలో అప్‌డేట్ పేజీలోనే దానికి మీట ఉంది, నా పేరున ఖాతా తెరిచి నేనే నొక్కాను. మా అబ్బాయికి ఈ ఏర్పాటు సంగతి తెలుసట. "నువ్వంత తంటాలు పడతావనుకోలేదమ్మా" అన్నాడు. తంటాలేం లేవు, నాలుగు నిమిషాలు పట్టింది. మరి పండగ ఆఫర్ల గురించి గంట మాట్లాడినవాడికి దీని గురించి ఒక్క నిమిషం దొరకలేదు!

ఈ ఏడాదిలోపు నాన్నగారి పేజీలు పూర్తి చేస్తాను. తర్వాత లినక్స్ మింట్ అని ఉచితంగా దొరికేదొకటుంది, దాన్ని పెన్ డ్రైవు మీంచి నడిపి చూసుకోవచ్చు, లోపలున్న దాన్ని ముట్టుకోకుండానే. ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీసు. నా లెక్కల ఫైలు అందులో తెరిచి చూశాను, కూడికలన్నీ సరిపోయాయి, రంగులు కాస్త మారాయి. నచ్చితే ఈ పెట్టె ఇంకో నాలుగేళ్ళు దాంతో నడుస్తుంది. నచ్చకపోతే అప్పుడు కొత్తది కొంటాను, దుకాణానికి నేను వెళ్ళి, కీబోర్డు నేను నొక్కి చూసి. ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని ఎప్పుడూ చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యను.

మీలో ఎవరి పెట్టెకైనా అర్హత ఉందని తేలితే, ఉచితంగా విండోస్ 11కి వెళ్ళడానికి వెనకాడక్కర్లేదు. ముందు ఫొటోలూ ఫైళ్ళూ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి. ఎక్కించుకున్నాక అందులోంచి రెండు మూడు తెరిచి కూడా చూడండి, పేర్లు కనపడి లోపల ఖాళీగా ఉండే ఫైళ్ళు నేను చూశాను. మారాక నచ్చకపోతే మొదటి పది రోజుల్లో సెట్టింగుల్లోంచి పాతదానికి తిరిగి రావచ్చు. పదకొండో రోజున కుదరదు, ఆ తారీఖు గోడ మీద క్యాలెండర్లో గుండ్రం చుట్టి పెట్టుకోండి.

పండగ ఆఫర్లో మావారు పక్కన పెట్టిన డబ్బు అలాగే ఉంది. ఈ వారం దానితో ఫోను కొంటున్నాం. ఎన్నేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో పెట్టె మీదో కంపెనీ సైటులోనో రాసి ఉన్నదే చూడమని అబ్బాయికి చెప్పాను. మూడు మోడళ్ళు పంపాడు. రంగు నేను చూస్తున్నాను.